ఏటి బాబూ, ఈ స్విచ్చుకి వైరే లేదు

హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబరు 12న, కిటికీ అద్దాలతో పాటు నా గిటార్ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) కూడా పోయిందనే అనుకున్నాను. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది కింది వాటా. కిటికీ పగిలి వాన నేరుగా దాని మీదే కొట్టింది. మర్చంట్ నేవీలో పనిచేసిన మా మేనమామ ఏదో పోర్టులో సెకండ్ హ్యాండ్‌లో కొని పట్టుకొచ్చిన చిన్న వాల్వ్ యాంప్ అది, పదిహేను వాట్లది. ట్రాన్సిస్టర్ల బదులు పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో పనిచేస్తుంది. ఇంటికి కరెంటు వచ్చాక ఒక మెకానిక్‌కి ఇస్తే ఎండబెట్టి, రెండు మూడు పార్టులు మార్చి బతికించాడు.

దాని ముందు ప్యానెల్ మీద, వాల్యూమ్ నాబ్ పక్కన, 'బ్రైట్' అని రాసిన చిన్న స్విచ్ ఒకటి ఉంది. ఆన్ చేస్తే టోన్‌లో మెరుపు వస్తుంది, తీసేస్తే మెత్తబడుతుంది. రిపేరు తర్వాత నాలుగేళ్ల పాటు నేను దాన్ని భక్తిగా వాడాను. మెలోడీ పాటలకి ఆఫ్, లీడ్ (పాటలో గిటార్ ముందుకొచ్చి వాయించే ముక్క) వాయించేటప్పుడు ఆన్. మా బ్యాండులో బేస్ గిటార్ వాయించేవాడితో దీని మీద గొడవలు కూడా అయ్యాయి. "ఆ బ్రైట్ తీసెయ్ గురూ, చెవుల్లో గుచ్చుతోంది" అనేవాడు. నేను తీసేస్తే "ఇప్పుడు బాగుంది" అనేవాడు.

2018లో వాల్వులు మార్పించడానికి డాబాగార్డెన్స్ వైపు ఒక సందులో ఉన్న వేరే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన, ఒకప్పుడు వాల్వ్ రేడియోలు బాగుచేసిన చెయ్యి. యాంప్ బోర్లించి, చాసిస్ (లోపలి లోహపు పెట్టె) విప్పి, టార్చ్ వేసి చూసి అన్నారు: "ఏటి బాబూ, ఈ స్విచ్చుకి వైరే లేదు కదా."

నిజమే. తుప్పు పట్టిన కాంటాక్టుల నుంచి రెండు వైర్లనూ కత్తిరించి, దేనికది టేపు చుట్టి పక్కకి తోసేశారు. కన్నం ఖాళీగా కనిపించకుండా స్విచ్చును మాత్రం అలాగే ఉంచారు. ఉప్పు గాలి ఊరు మనది, స్విచ్చులు తుప్పు పట్టడం వింత కాదు. నాలుగేళ్లు నేను విన్న మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. బేస్ వాయించేవాడి చెవుల్లో గుచ్చుకున్నదేమిటన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

దీనికి 'ప్లాసిబో' అని ఒక్క మాట చెప్పి చేతులు దులుపుకోవచ్చు. మందు లేని మాత్ర వేసుకున్న రోగికి నొప్పి తగ్గినట్టు, వైరు లేని స్విచ్ వేసిన గిటారిస్టుకి టోన్ మారినట్టు అనిపించింది, అంతే అని. కానీ ఆ మాట కింద చాలా సంగతులు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ముందు 'పనిచేయని స్విచ్' అంటే ఏమిటో తేల్చుకోవాలి. అన్నీ ఒక జాతివి కావు.

కావాలనే వైరు లేకుండా పెట్టినవి కొన్ని. వీటిలో అందరికంటే పేరున్నది అమెరికన్ బేస్ గిటారిస్టు లేలాండ్ స్క్లార్‌ది. జేమ్స్ టేలర్, ఫిల్ కాలిన్స్ లాంటి వాళ్లతో పనిచేసిన సెషన్ వాద్యకారుడు ఆయన. తన బేస్ గిటార్‌కి ఒక స్విచ్ బిగించుకున్నాడు. దానికి లోపల ఏ కనెక్షనూ లేదు. రికార్డింగ్‌లో నిర్మాత "వేరే రకం సౌండు కావాలి" అంటే, అతనికి కనబడేలా ఆ స్విచ్ అటు నుంచి ఇటు వేస్తాడు, మళ్లీ వాయిస్తాడు. నిర్మాత సంతోషిస్తాడు. స్క్లార్ దీన్ని దాచుకోలేదు, దాని పేరే 'ప్రొడ్యూసర్ స్విచ్' అని నవ్వుతూ చెప్పుకుంటాడు. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, ఇక్కడ మోసపోయేది వాయించేవాడు కాదు, గాజు తలుపు అవతల కూర్చున్నవాడు.

రెండో జాతి, ఒకప్పుడు పనిచేసి తర్వాత పని పోగొట్టుకున్నవి. పాత ఫెండర్ యాంపుల మీద 'గ్రౌండ్' అనే స్విచ్ ఉంటుంది. ఆ రోజుల్లో అమెరికాలో ప్లగ్గుకి రెండే పిన్నులు, ఎర్త్ లేదు. ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా సాకెట్లోకి దూరేది కాబట్టి ఏ వైరులో ఫేజ్ వస్తుందో చెప్పలేం. అందుకని మెయిన్స్ వైర్లలో ఒకదాని నుంచి చాసిస్‌కి ఒక కెపాసిటర్ (ఏసీ కరెంటుని కొంత మాత్రమే దాటనిచ్చే చిన్న భాగం) పెట్టి, అది ఏ వైరుకి తగలాలో ఆ స్విచ్‌తో మార్చుకునేవారు. ఏ వైపు వేస్తే 'బుయ్' మనే హమ్ తగ్గితే ఆ వైపు ఉంచేవారు. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే మాత్రం మెయిన్స్ కరెంటు చాసిస్‌కి, అక్కడి నుంచి గిటార్ తీగలకి వస్తుంది. తీగల మీద చెయ్యి, మైకు మీద పెదవి ఉన్నవాడి సంగతి ఆలోచించండి. దానికి సంగీతకారులు 'డెత్ క్యాప్' (చావు కెపాసిటర్) అని పేరు పెట్టుకున్నది అందుకే.

షార్ట్ కాకపోయినా దాని గుండా కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ అనుకుంటే, అమెరికా 120 వోల్టుల దగ్గర అది సుమారు రెండు మిల్లీయాంపులు. మన 230 వోల్టులకి మార్పించి ఆ కెపాసిటర్‌ను అలాగే వదిలేస్తే మూడున్నర దాకా పోతుంది. ఒక మిల్లీయాంపుకే చర్మం మీద చిమచిమ తెలుస్తుంది. అందుకే ఇలాంటి యాంప్ చేతికొస్తే బుర్ర ఉన్న మెకానిక్ చేసే మొదటి పని, మూడు పిన్నుల వైరు వేసి, ఎర్త్‌ని చాసిస్‌కి గట్టిగా బిగించి, ఆ కెపాసిటర్ పీకేయడం. ఆ తర్వాత గ్రౌండ్ స్విచ్ ఉత్తి అలంకారం. అయినా దాన్ని అటూ ఇటూ తిప్పి "ఈ వైపు హమ్ తక్కువగా ఉంది" అనేవాళ్లు ఉంటారు. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా: షామియానా కింద స్టేజీ మీద హమ్ వస్తే ప్లగ్గులో మూడో పిన్ను పీకేసేవాళ్లను మన దగ్గర చూశాను. దయచేసి ఆ పని చేయకండి. హమ్‌తో బతకొచ్చు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే అది నిక్షేపంగా పనిచేస్తుంది, కానీ జనం అనుకునే పని చేయదు. వాల్వ్ యాంపుల మీద ఉండే 'స్టాండ్‌బై' స్విచ్ అది, వాల్వులని వేడిగా ఉంచి హై వోల్టేజి మాత్రం ఆపుతుంది. గిటార్ నేర్చుకునే ప్రతివాడికీ ఎవరో ఒక అన్న చెబుతాడు: ముందు పవర్ వెయ్యి, అర నిమిషం ఆగు, వాల్వులు వేడెక్కాక స్టాండ్‌బై వెయ్యి, లేకపోతే వాల్వులు పాడైపోతాయి. నాకూ చెప్పారు. నేనూ నలుగురికి చెప్పాను.

వాల్వ్ లోపల క్యాథోడ్ అనే గొట్టం మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత ఉంటుంది. హీటర్ దాన్ని వేడి చేస్తే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. క్యాథోడ్ చల్లగా ఉండగానే హై వోల్టేజి ఇస్తే ఆ పూత ఊడిపోతుందన్నది ఈ ఆచారం వెనకున్న భయం. ఈ భయం గాల్లోంచి పుట్టలేదు. వేల వోల్టులతో పనిచేసే పెద్ద ట్రాన్స్‌మిటర్ వాల్వులకి ఆ జాగ్రత్త అవసరమే. గిటార్ యాంపులో ఉండేది మూడు వందల నుంచి అయిదు వందల వోల్టులు. ఆ చిన్న వాల్వులకి ఆ వోల్టేజి దగ్గర ఆ ప్రమాదం లెక్కలోకి రాదు.

నమ్మకం కుదరకపోతే మన ఇళ్లలోని సాక్ష్యమే తీసుకోండి. తాతగారి మర్ఫీ రేడియో గుర్తుందా? వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పితే 'టక్' మని ఆన్ అయ్యేది. లోపల వాల్వులు ఎర్రబడి, అర నిమిషానికో ఎప్పటికో ఆకాశవాణి మెల్లగా పలికేది. దానికి స్టాండ్‌బై స్విచ్ ఎక్కడుంది? రోజుకి రెండు మూడు సార్లు అలా వేస్తూ తీస్తూ అవే వాల్వులతో ఏళ్లకేళ్లు వాడారు. గిటార్ యాంపుల్లోనూ అంతే, ఫెండర్ వాళ్ల చిన్న యాంప్ 'చాంప్'కి స్టాండ్‌బై లేదు. దాని వల్ల అవి తొందరగా చచ్చిందీ లేదు.

మరి పెద్ద యాంపులకి ఎందుకొచ్చింది? బ్రేకులో వాల్వులు చల్లబడకుండా శబ్దం ఆపడానికి అది పనికొస్తుంది, ఆ మాట నిజం. 1950ల చివర్లో వచ్చిన ఫెండర్ బాస్‌మాన్ యాంప్‌కి స్టాండ్‌బై ఉంది. 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టులో తయారైన మొదటి మార్షల్ యాంప్, జేటీఎం45, ఆ బాస్‌మాన్ సర్క్యూట్‌నే చూసి చేసింది. స్టాండ్‌బై కూడా దాంతో పాటే వచ్చేసింది. మార్షల్‌ని చూసి ఇంకొకరు, వాళ్లని చూసి మరొకరు. తద్దినం రోజున అడ్డం పడుతోందని తండ్రి పిల్లిని గంప కింద మూస్తే, కొడుకు తన హయాంలో తద్దినానికి పిల్లిని వెతికి తెచ్చి మరీ గంప కింద మూశాడట. ప్రపంచంలోని యాంప్ కంపెనీలు అరవై ఏళ్లుగా చేస్తున్నది కొంత ఆ పనే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. హీటర్ వెలుగుతూ, కరెంటు పారకుండా వాల్వ్‌ని గంటల తరబడి స్టాండ్‌బైలో ఉంచితే క్యాథోడ్ మీద పూతకీ లోహానికీ మధ్య ఒక నిరోధక పొర పెరుగుతుంది. 1950లలో వాల్వులతో నడిచిన కంప్యూటర్లలో ఇంజనీర్లు ఈ సమస్యతో తల పట్టుకున్నారు. అంటే వాల్వులని కాపాడాలని రిహార్సల్ రూములో టీకి వెళ్లి రెండు గంటలు స్టాండ్‌బైలో వదిలేసేవాడు ఏ వాల్వుల కోసం అంత జాగ్రత్త పడుతున్నాడో వాటినే పాడు చేస్తున్నాడు. పది నిమిషాల బ్రేకుకి పరవాలేదు, అంతకు మించితే పూర్తిగా ఆపేయడమే మేలు. ఇదంతా తెలిశాక కూడా యాంప్ వేసేటప్పుడు నేను అర నిమిషం ఆగుతాను. ఆగకపోతే చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చినట్టు ఉంటుంది.

ఇక నా బ్రైట్ స్విచ్. ఇది సక్రమంగా వైరు ఉన్నప్పుడు కూడా సగం సమయం పనిచేయని జాతి. లోపల ఉండేది ఒక బుల్లి కెపాసిటర్, పాత ఫెండర్లలో 120 పికోఫారడ్. వాల్యూమ్ నాబ్ అంటే సిగ్నల్‌కి అడ్డంగా పెట్టిన రెసిస్టర్, దాని మీద జరిగే కాంటాక్టు. వాల్యూమ్ తక్కువలో ఉంటే సిగ్నల్ ఎక్కువ రెసిస్టెన్స్ దాటాలి. బ్రైట్ స్విచ్ వేస్తే ఆ రెసిస్టెన్స్‌ని తప్పించుకుని పోవడానికి హై ఫ్రీక్వెన్సీలకి మాత్రం కెపాసిటర్ పక్కదారి ఇస్తుంది. అందుకే తక్కువ వాల్యూమ్‌లో మెరుపు బాగా తెలుస్తుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ అసలు దారే సులువైపోతుంది, పక్కదారి విలువ తగ్గుతుంది. నాబ్ పూర్తిగా తిప్పేస్తే కెపాసిటర్ రెండు కాళ్లూ ఒకే చోట కలిసిపోతాయి. అప్పుడు స్విచ్ వేసినా తీసినా ఒకటే. ఇది నమ్మకానికి సంబంధించినది కాదు, సర్క్యూట్ గీసి చూస్తే కనిపించేదే.

యాంపుల సంగతి ఇక్కడితో సరి. చెవుల దగ్గరికి రావాలి.

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు బటన్ వెలుగుతూ ఉన్నా వచ్చిన ప్రతివాడూ ఇంకోసారి నొక్కుతాడు. నేనూ నొక్కుతాను. న్యూయార్క్‌లో రోడ్డు దాటడానికి నొక్కే బటన్లు 3,250 ఉంటే వాటిలో 2,500కి పైగా పనిచేయడం లేదని 2004లో అక్కడి పత్రికలో వచ్చింది. సిగ్నళ్లు కంప్యూటర్ చేతుల్లోకి వెళ్లాక బటన్లను పీకడానికి ఖర్చెందుకని వదిలేశారు. జనం నొక్కుతూనే ఉన్నారు, కాసేపటికి లైటు మారుతూనే ఉంది. ఎలాగూ మారేదే, కానీ నొక్కిన తర్వాత మారింది కాబట్టి నొక్కడం వల్లే మారిందనిపిస్తుంది.

ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో దీనికి 'అదుపులో ఉందన్న భ్రమ' అని పేరు పెట్టారు. ఆమె ప్రయోగాల్లో ఒకటి లాటరీ టికెట్లతో. టికెట్ ఒక డాలరు. కొందరిని తమ టికెట్ తామే ఎంచుకోనిచ్చారు, కొందరికి ఇచ్చేశారు. తర్వాత "నీ టికెట్ అమ్ముతావా" అని అడిగితే, ఇచ్చింది తీసుకున్నవాళ్లు సగటున 1.96 డాలర్లు అడిగారు, తమ చేత్తో ఎంచుకున్నవాళ్లు 8.67 అడిగారు. గెలిచే అవకాశం ఇద్దరికీ ఒకటే. వేలితో మనం చేసిన పనికి ఫలితం ఉండి తీరాలని మనసు పట్టుబడుతుంది. స్విచ్ ఆ పట్టుదలకి సరిగ్గా సరిపోయే వస్తువు. 'టక్' మంటుంది, స్థానం మారుతుంది, పక్కన పేరు రాసి ఉంటుంది.

చెవి అంత తేలిగ్గా బుట్టలో పడుతుందా అంటే, పడుతుంది. చెవి పనిచేసేది ఒంటరిగా కాదు. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఒక వీడియో చూపించారు. పెదవులు 'గ' అంటున్నాయి, ధ్వని మాత్రం 'బ'. చూసేవాళ్లలో చాలామందికి 'ద' వినబడింది. కళ్లు మూసుకుంటే 'బ', తెరిస్తే 'ద'. కిటుకు తెలిశాక కూడా మారదు. ఏకంగా అక్షరమే అలా మారిపోతుంటే 'మెరుపు', 'వెచ్చదనం' లాంటి పట్టు దొరకని గుణాలు మారడంలో ఆశ్చర్యమేముంది?

జ్ఞాపకం కూడా సాయం చేయదు. ధ్వనిలోని సూక్ష్మ వివరాలు మన బుర్రలో కొన్ని సెకన్లే నిలుస్తాయి. స్విచ్ వేయడానికి వంగి, లేచి, మళ్లీ తీగ మీటేసరికి, మొదటి టోన్ పోయి దాని గురించి మనం చెప్పుకున్న మాటే మిగులుతుంది. కొత్త టోన్‌ని పోల్చేది ఆ మాటతో. పైగా స్విచ్ వేయగానే చెవి రిక్కిస్తాం. అంతవరకు పట్టించుకోని వేళ్ల రాపిడి, తీగ చివర మెరుపు, అన్నీ అప్పుడే తెలుస్తాయి. అవి ముందూ ఉన్నవే.

శబ్దం పెరగడమన్నది వీటన్నిటికీ మేనత్త. మన చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనూ సమానంగా వినదని, శబ్దం తగ్గేకొద్దీ బేస్ (కింది ఫ్రీక్వెన్సీలు) మరీ వినబడకుండా పోతుందని 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. ఏ పెడల్ (కాలితో నొక్కి గిటార్ సౌండు మార్చే పెట్టె) అయినా, ఏ యాంప్ అయినా పిసరంత ఎక్కువ శబ్దంతో వినిపిస్తే అది 'పెద్దగా' అనిపించదు, 'బాగా' అనిపిస్తుంది. దుకాణంలో రెండు యాంపులు పక్కపక్కన పెట్టి చూపించేవాడికి ఈ సంగతి తెలుసు. మనకీ తెలిస్తే జేబుకి మంచిది.

అమ్మేవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1960లలో కొన్ని చవక రేడియోల మీద ట్రాన్సిస్టర్ల సంఖ్య గొప్పగా రాసేవారు. ఆ సంఖ్య కోసం ఏ పనీ లేని ట్రాన్సిస్టర్లను బోర్డుకి సోల్డర్ చేసినవీ ఉండేవి. ఇప్పుడు కొన్ని పరికరాల్లో వాల్వ్ కింద నారింజ రంగు ఎల్ఈడీ పెడతారు, చూడగానే వేడిగా, వెచ్చగా కనిపించాలని. కంటికి వెచ్చగా కనిపించినది చెవికి వెచ్చగా వినిపిస్తుంది. మెగర్క్ పెదవులకీ దీనికీ చుట్టరికం ఉంది.

కళ్లు మూసేస్తే ఏమవుతుందో వయొలిన్ వాళ్లు చూశారు. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో అంతర్జాతీయ వయొలిన్ పోటీ జరుగుతుండగా క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం ఒక హోటల్ గదిలో 21 మంది వాద్యకారుల చేతికి ఆరు వయొలిన్లు ఇచ్చింది. మూడు కొత్తవి, రెండు స్ట్రాడివేరియస్, ఒకటి గ్వార్నెరి (రెండూ పేరుమోసిన పాత ఇటలీ వయొలిన్లు). గది మసక చీకటి. కళ్లకి వెల్డింగ్ గాగుల్స్, మన షిప్‌యార్డులో పెట్టుకుంటారే, ఆ రకంవి. పాత చెక్క వాసన గుర్తుపట్టకుండా గడ్డం ఆనించే చోట సెంటు పూశారు. 2012లో ఫలితం ప్రచురించారు. ఎక్కువమంది మెచ్చినది ఒక కొత్త వయొలిన్‌ని, అందరికంటే తక్కువమంది మెచ్చినది ఒక స్ట్రాడివేరియస్‌ని. తమకు నచ్చినది పాతదో కొత్తదో చాలామంది చెప్పలేకపోయారు. వీళ్లు నాలాంటి వీధి వాయిద్యగాళ్లు కాదు, పేరున్న వాద్యకారులు. వయొలిన్ అనగానే మన వైపు వాళ్లకి విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు గుర్తొస్తారు. ఆయన వాయించిన వయొలిన్ ఎక్కడ తయారైందని ఎవరైనా అడగడం నేను వినలేదు.

ఇంతవరకు వింటే కథ తేలిపోయినట్టే అనిపిస్తుంది: చెవి మోసపోయింది, స్విచ్ అబద్ధం. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. కానీ బేస్ వాయించేవాడి సంగతి మిగిలిపోయింది. నేను పాట మధ్యలో స్విచ్ మీద చెయ్యి వేయడం వాడు చూసే ఉంటాడు, వాడిదీ ప్లాసిబోనే అనుకున్నాను. వాడు ఒప్పుకోలేదు. "చూడకుండా చెబుతాను, పందెం" అన్నాడు.

సిరిపురంలో మేం గంటల లెక్కన అద్దెకి తీసుకునే ప్రాక్టీస్ రూములో ఒక ఆదివారం చేశాం. స్విచ్‌కి అప్పటికీ వైరు లేదు. ఒకే ముక్కని పదిసార్లు వాయించాను. ప్రతిసారీ మా డ్రమ్మర్ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఆన్, బొరుసు పడితే ఆఫ్ చేయమన్నాడు. బేస్ వాడు తలుపు బయట నిలబడి విన్నాడు. పదింటిలో ఎనిమిది సరిగ్గా చెప్పాడు.

లెక్క చూస్తే, గుడ్డిగా చెప్పినా పదింటిలో ఎనిమిదో అంతకంటే ఎక్కువో సరిపడే అవకాశం 1,024లో 56, అంటే వందకి అయిదున్నర. గట్టి రుజువు కాదు. కానీ వైరు లేని స్విచ్‌కి పదికి అయిదు దగ్గర ఆగాలి కదా. డ్రమ్మర్ ఫోన్‌లో వీడియో కూడా తీశాడు. దాన్ని ముగ్గురం కూర్చుని చూశాక సంగతి అర్థమైంది. బ్రైట్ ఆన్ అని నాకు తెలిసినప్పుడల్లా నా కుడి చెయ్యి బ్రిడ్జి (గిటార్ పొట్ట మీద తీగలు ఆనే చోటు) వైపు రెండు అంగుళాలు జరుగుతోంది. పిక్ (తీగలు మీటే బిళ్ల) గట్టిగా పట్టుకుంటున్నాను. ఆఫ్ అన్నప్పుడు చెయ్యి గిటార్ మెడ దగ్గరికి వచ్చేస్తోంది, దెబ్బ మెత్తబడుతోంది.

తీగని ఎక్కడ మీటామన్న దాన్ని బట్టి టోన్ మారుతుందని వీణ వాయించేవాళ్లకీ తెలుసు. సరిగ్గా మధ్యలో మీటితే రెండు, నాలుగు, ఆరు లాంటి సరి సంఖ్య హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) పలకవు, ఎందుకంటే ఆ కంపనాలకి మధ్య బిందువు కదలని చోటు. బ్రిడ్జికి దగ్గరగా మీటేకొద్దీ పై హార్మోనిక్స్ ఎక్కువ బయటికొస్తాయి, టోన్ పదునెక్కుతుంది. అంటే నేను నాలుగేళ్లు విన్న మెరుపు నిజంగా గాలిలో ఉన్నదే. బేస్ వాడి చెవుల్లో గుచ్చుకున్నదీ నిజమే. స్విచ్ నుంచి యాంప్‌లోకి వైరు లేదు. స్విచ్ నుంచి నా కళ్లకి, అక్కడి నుంచి నా మణికట్టుకి ఉంది.

గిటార్ వాళ్ల ప్లాసిబో, ఇంట్లో కూర్చుని పాటలు వినేవాళ్ల ప్లాసిబోకి వేరైనది ఇక్కడే. ఖరీదైన స్పీకర్ వైరు కొన్నవాడికి తేడా వినిపించినా పాట అదే, రికార్డింగ్ అదే. గిటారిస్టు వినేవాడూ వాయించేవాడూ కూడా. బాగుందనిపిస్తే ఇంకొంచెం ధైర్యంగా వాయిస్తాడు, ధైర్యంగా వాయిస్తే ఇంకొంచెం బాగుంటుంది. స్క్లార్ స్విచ్ నిర్మాతని ఊరుకోబెట్టడానికే అయినా, రెండోసారి వాయించినది మొదటిసారి వాయించినదానికి అచ్చు నకలు అయి ఉంటుందని నేను అనుకోను.

ఇందుకే స్విచ్, పెడల్, కెపాసిటర్, ఏదైనా సరే, పనిచేస్తోందో లేదో పరీక్షించాలంటే వాయించేవాణ్ని పక్కన పెట్టాలి. లూపర్ పెడల్‌లో ఒక ముక్క రికార్డ్ చేసి అదే తిరుగుతూ ఉండనివ్వండి. మీరు యాంప్‌కి వీపు పెట్టి నిలబడండి. స్నేహితుడు నాణెం ఎగరేసి స్విచ్ మార్చాలి, మీకు చెప్పకుండా కాగితం మీద రాసుకోవాలి. స్విచ్ 'టక్' వినబడుతుంది కాబట్టి మార్చని సారి కూడా రెండుసార్లు టక్కుమనిపించాలి. పదికి తొమ్మిదో పదో సరిగ్గా చెబితే గుడ్డిగా అలా కుదిరే అవకాశం వందకి ఒకటే, అప్పుడు నమ్మొచ్చు. రెండు పెడల్స్‌ని పోలుస్తుంటే ముందు వాటి శబ్దం సమానం చేయండి, ఫోన్‌లో డెసిబెల్ యాప్ చాలు. పరీక్షలో తప్పితే ఆ స్విచ్‌ని వాడటం మానేయాలా? అది వేరే సంగతి. 2010లో టెడ్ కాప్చుక్ బృందం పేగు సమస్య ఉన్న 80 మందిలో కొందరికి "ఇది ఉత్తి మాత్ర, ఇందులో మందు లేదు" అని చెప్పి మరీ ఇచ్చింది. మూడు వారాల తర్వాత వాళ్లలో నూటికి 59 మంది ఉపశమనం ఉందన్నారు, ఏ మాత్రా తీసుకోనివాళ్లలో 35 మంది. నొప్పికి వచ్చిన ఫలితాన్ని టోన్‌కి అంటగట్టలేం. కానీ వైరు లేదని తెలిశాక కూడా రెండు నెలల పాటు నా చెయ్యి ఆ స్విచ్ దగ్గరికి పోతూనే ఉంది, చెయ్యి పోయినప్పుడల్లా లీడ్ బాగానే వచ్చింది.

చివరికి డాబాగార్డెన్స్ పెద్దాయన దగ్గరికే వెళ్లి వైర్లు కలపమన్నాను. కొత్త స్విచ్ వేసి, 120 పికోఫారడ్ కెపాసిటర్ సోల్డర్ చేసి, నూట యాభై రూపాయలు తీసుకున్నారు. ఇంట్లో తక్కువ వాల్యూమ్‌లో వేసి చూశాను. మెరుపు నిజంగానే వచ్చింది, నాకే చెవుల్లో గుచ్చుకుంది. ఆ వారం రుషికొండ దగ్గర ఒక కేఫ్‌లో ప్రోగ్రాం. ఆరుబయట, ఒక పక్క సముద్రం హోరు, ఇంకో పక్క మా డ్రమ్మర్. పదిహేను వాట్ల యాంప్ వినబడాలంటే వాల్యూమ్ చివరిదాకా తిప్పక తప్పలేదు. లీడ్ వచ్చే ముందు వంగి బ్రైట్ స్విచ్ వేశాను. కెపాసిటర్ రెండు కాళ్లూ ఒక చోట కలిసిపోయి ఉన్నాయని గుర్తొచ్చేసరికి లీడ్ సగం అయిపోయింది. బేస్ వాడు నా వైపు తిరిగి చెవి మీద చెయ్యి పెట్టుకుని, తీసెయ్యమని సైగ చేస్తున్నాడు.